తొర్ర చెట్టు

మా అబ్బ, అంటే తాత, ఇంట్లో వసారా గోడకు రెండు చిలక్కొయ్యలుండేవి. ఒకదానికి అబ్బ తలగుడ్డ వేలాడేది, రెండోదానికి వడిసెల. పాత టేకు చెక్కతో చేసినవి. మెడ కాస్త వంచిన చిలక, కిందికి తిరిగిన ముక్కు, తోక మొత్తం గోడలోకి పోయి కనబడదు. ఏ వడ్రంగి ఎప్పుడు చెక్కాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. తరాల చేతులు తగిలి తగిలి వాటి తలలు నల్లగా, నున్నగా మెరిసేవి. వడిసెల ఉన్నదే చేలో చిలకల్ని తోలడానికి. దాన్ని తెచ్చి చిలక మెడకే తగిలించేవాళ్ళం. అందులో వింత ఉందని అప్పుడు ఎవరికీ తోచలేదు. చిలక చేలో ఉండేది, గోడమీద ఉండేది, మాటలో ఉండేది. ఇంటి మనిషి లెక్క.

మట్టి మిద్దె దించి స్లాబు వేసినప్పుడు ఆ కొయ్యలు దూలాలతో పాటు ఎవరి పొయ్యిలోకో పోయాయి. ఇప్పుడు ఆ గోడకు ఇనుప మేకులున్నాయి.

మాది ఆత్మకూరు వైపు, నల్లమల అంచున ఉన్న ఊరు. ఊరికి ఒక పక్క నల్లరేగడి చేలు, ఇంకో పక్క అడవి. చిలకలు ఈ రెంటి మధ్యా తిరిగేవి. రాత్రి అడవి చెట్లలో, పగలు మా జొన్న చేలల్లో. పుష్యమాసంలో కంకి పాలు పట్టే వేళకు దిగేవి. కంటికి కనబడకముందే చెవికి అందేవి. దూరాన కీచుమని ఒక అరుపు, వెనకే పది అరుపులు. తల ఎత్తేలోగా పచ్చటి బాణాల్లా నెత్తి మీదుగా దూసుకుపోయేవి. చిలక ఎగిరేటప్పుడు కాకిలా బద్ధకంగా రెక్కలాడించదు. ఏదో పని మీద పోతున్నట్టే పోతుంది.

చేను మధ్య మంచె. మంచె మీద నేను, మా నాయనమ్మ, అదే మా జేజి. జేజి చేతిలో పాత డబ్బా, నా చేతిలో వడిసెల. గుంటలో తడి మట్టి తెచ్చి ముందు రోజే ఉండలు చేసి ఎండబెట్టుకునేవాళ్ళం. రాయి పెట్టనిచ్చేవాడు కాదు అబ్బ. "బెదరాల గాని సావగూడదురా," అనేవాడు. వడిసెల తిప్పి ఒక కొస వదిలితే చర్నాకోల కొట్టినట్టు పేలుతుంది. ఆ చప్పుడుకే గుంపు లేచిపోయేది. లేచి పోయి పక్క చేలో వాలేది. పక్క చేలో మంచె మీది పిల్లవాడు 'ఓహో... హోయ్' అని అరిచేవాడు. అక్కణ్ణించి లేచి ఇంకో చేలోకి. పొద్దు తిరిగేదాకా ఆ గుంపును ఊరంతా ఒకరి చేతికొకరు అప్పగించుకుంటున్నట్టుండేది.

జొన్న కంకి మీద చిలక చేసే పని దగ్గరగా చూడాలి. ఒక కాలితో దంటును పట్టుకుని, రెండో కాలిని చెయ్యిలా వాడుకుంటుంది. దాని కాలికి రెండు వేళ్ళు ముందుకు, రెండు వెనక్కు ఉంటాయి. అందుకే ఆ పట్టు. కంకి ముక్క తెంపి నోటి దగ్గర పెట్టుకుని ఒక్కొక్క గింజా పొట్టు తీసి తింటుంది. తిన్నదానికన్నా పారేసింది ఎక్కువ. దుడ్డుకు ఎదురు చూసే రైతుకు అది కడుపుమంటే. ఆ మాట దాచి చిలకల గురించి రాయడం న్యాయం కాదు. మా నాయిన తిట్టేవాడు, జేజి తిట్టేది, నేనూ తిట్టేవాణ్ణి. అయినా వలేసి పట్టాలనీ, మందు పెట్టి చంపాలనీ మా ఊళ్ళో ఎవరూ అనగా నేను వినలేదు.

మంచె మీదే నేను చిలకల్లో రకాలు నేర్చుకున్నాను, అదీ గొంతును బట్టి. ఎక్కువగా వచ్చేవి రామచిలకలు. తోకతో కలిపి మూర కంటే కొంచెం తక్కువ. మగదాని మెడకు నలుపూ గులాబీ కలిసిన పట్టీ ఉంటుంది. ఆ పట్టీ పుట్టుకతో రాదు, మూడో ఏటికి గాని తేలదు. రెండోది గులాబీ తల చిలక. అది చిన్నది, మెత్తటి గొంతు, 'టుయ్' అని చివర్న ఏదో అడిగినట్టు పలుకుతుంది. మగదాని తల పండిన నేరేడుకూ గులాబీకీ మధ్య రంగు, ఆడదాని తల బూడిద రంగు, రెంటికీ తోక చివర తెలుపు. అడవి వదిలి చాలా దూరం రాదు. మూడోది పెద్దచిలక. బొంగురు గొంతు, బండ ముక్కు, భుజం మీద ఎర్రటి మచ్చ. రామచిలక కంటే ఒకటిన్నర రెట్లుంటుంది. అది చేలో వాలితే జొన్న దంటు నేలకు వంగేది. ఆ బొంగురు గొంతు వినబడితే జేజి డబ్బా కొట్టడం ఆపి, "అదిగో, పెద్దది వొచ్చె," అని చెయ్యి కళ్ళకడ్డం పెట్టుకుని చూసేది. పెద్దచిలకంటే అప్పటికే మాకు రోజూ కనబడే పిట్ట కాదు.

ఈ పెద్దచిలకకు ఇంగ్లీషు వాళ్ళు అలెగ్జాండర్ పేరు పెట్టారు. ఆ చక్రవర్తి దండు మన దేశపు చిలకల్ని పడమటికి తీసుకుపోయిందని చెప్పుకుంటారు. అతనికంటే ముందే, క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దంలో, పారశీక రాజు కొలువులో ఉన్న టీసియస్ అనే గ్రీకు వైద్యుడు మనిషి గొంతుతో భారతదేశపు మాట మాట్లాడే పిట్టను గురించి రాశాడు. అతను చెప్పిన ఎర్రటి ముఖాన్ని బట్టి అది మన గులాబీ తల చిలకే అయుంటుందని పండితుల ఊహ. పంజరం కథ అంత పాతది.

అబ్బ వెంట శ్రీశైలం నడిచిన శివరాత్రి నాకు బాగా గుర్తు. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. వెంకటాపురం దాటాక అడవి. నాగలూటి వీరభద్రుడి గుడి దగ్గర ఒక రాత్రి, పెచ్చెరువు దగ్గర ఒక రాత్రి, తర్వాత మఠంబావి, భీమునికొలను, కైలాసద్వారం. రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి వేయించాడని చెప్పే మెట్లు ఎక్కేసరికి నా కాళ్ళు కాళ్ళు కావు. కానీ ఆ దారిలో నాకు మిగిలింది మెట్లు కాదు. మాఘం చివర నల్లమల ఆకు రాల్చి బోసిగా ఉంటుంది. మోదుగలు మాత్రం ఎర్రగా మండుతుంటాయి. బూరుగలు ఆకు లేకుండా పూస్తాయి. ఆ పూల తేనె కోసం చిలకలు. గులాబీ తలలు మోదుగ కొమ్మ మీద వాలితే ఏది పువ్వో ఏది తలో తెలిసేది కాదు. ఒకటి తేనె పీల్చి పువ్వును కిందకు వదిలితే నడిచే జనం నెత్తి మీద పడేది. ఆడవాళ్ళు కళ్ళకద్దుకుని జడలో తురుముకునేవాళ్ళు.

పెచ్చెరువు దగ్గర దారి పక్కన ఒక నల్లమద్ది మాను. ఎండిపోయి ఎన్నేళ్ళయిందో. బెరడంతా రాలి ఎముకలా తెల్లబడింది. నలుగురు చేతులు చాచి పట్టుకుంటే గాని అందని లావు. దానికి పైనుంచి కింది దాకా తొర్రలు. అక్కడి గూడెం చెంచు పెద్దాయన ఒకాయన అబ్బకు ఎరుక. ఏటా దారి చూపడానికి వచ్చేవాడు. ఆ మానును చూసి, "సచ్చిన మాను గదా, కట్టెలకు కొట్టలేదెందుకు?" అని నేనడిగాను.

"మాను సచ్చింది నాయినా. కాపరాలు సావలేదు. సూడు," అన్నాడాయన.

కూర్చోబెట్టి చూపించాడు. అందరికంటే పైన, పెద్ద నోరున్న తొర్రలో పెద్దచిలక జంట. దాని కింద రామచిలక. ఇంకా కింద గోరింకలు. ఒక పగులులో పగటిపూట కూడా కళ్ళు తెరుచుకుని కూర్చున్న పైడికంటె. మొదలులో ఉడత. ఇన్నీ ఒకే మాను. ఈ తొర్రలన్నీ చిలక తొలిచినవి కావు. చిలక ముక్కు గింజ చీల్చడానికే గాని గట్టి చెక్క తొలవడానికి పనికిరాదు. వడ్రంగిపిట్ట తొలిచి వదిలేసిందో, కొమ్మ విరిగిన చోట వాన నీరు నిలిచి కుళ్ళి పడిందో, అలాంటి తొర్ర దొరికితే దాని నోరు కొరికి కాస్త వెడల్పు చేసుకుంటుంది. అంతే దాని పనితనం. తొర్ర లేకపోతే చిలకకు సంసారం లేదు. కాకిలా పుల్లలేరి గూడు కట్టడం దాని వల్ల కాదు.

మన భాష చిలకా గోరింకల్ని జంట చేసింది. కొత్త దంపతుల్ని అలాగే ఉండమని దీవిస్తాం. ఆ మాను కింద కూర్చున్న గంటలో నేను చూసింది మాత్రం చిలకా గోరింకల పోట్లాట. ఒకే తొర్ర కోసం రెండూ ముక్కులతో పొడుచుకున్నాయి, ఈకలు రాలాయి. మాఘంలో అడవిలో ఇంటి కరువు అంతుంటుంది. తొర్ర దక్కించుకున్న రామచిలక మూడు నుంచి అయిదు గుడ్లు పెడుతుంది. 22 నుంచి 24 రోజులు పొదుగుతుంది. పిల్లలు ఎగరడానికి ఇంకో ఏడు వారాలు పడుతుంది. అంటే శివరాత్రి నుంచి ఉగాది దాకా, దారిన నడిచే భక్తుల నెత్తి మీద తొర్రల్లో గుడ్లో పిల్లలో ఉంటాయి. ఉగాదికి కన్నడ సీమ నుంచి కావళ్ళతో వచ్చే జనం కూడా ఇదే కాలంలో అడవిలో ఉంటారు.

ఆ పెద్దాయన ఇంకో మాను చూపించాడు. దాని తొర్ర నోరు గొడ్డలితో నరికి ఉంది, మనిషి చెయ్యి మోచేయి దాకా పోయేంత. లోపల ఏమీ లేదు. "పిల్లల్ని తీసుకపోయినారు. అది గాదు నాయినా. తొర్ర నరికిరి. వాన పడతాది, ఎండ పడతాది, పాము దూరతాది. మల్ల యే పిట్టా దీంట్లోకి రాదు." చిలకల దొంగతనం గురించి ఆ తర్వాత నేను ఎన్నో చదివాను. ఈ మాట కంటే అసలు సంగతి దేంట్లోనూ దొరకలేదు. పోయింది ఆ ఏటి నాలుగు పిల్లలు కాదు. ఆ మానులో రాబోయే ముప్పై, నలభై ఏళ్ళ పిల్లలన్నీ ఒక్క గొడ్డలి వేటుతో పోయాయి.

ఆ పిల్లలు ఎక్కడికి పోయాయో శ్రీశైలంలో చూశాను. తిరణాలలో గాజుల అంగళ్ళ వెనక ఈతాకు గంపల్లో చిలక పిల్లలు, ఇంకా ఈకలు రానివి, కళ్ళు పూర్తిగా తెరవనివి. పక్కనే చిలక జోస్యగాడు. పంజరం తలుపు తీస్తే చిలక నడిచి వచ్చి చీటీ లాగేది, ఒక వడ్ల గింజ తీసుకుని తిరిగి లోపలికి పోయేది. అది ఎగిరిపోదేమని అడిగాను. రెక్కల ఈకలు కత్తిరించి ఉన్నాయని అబ్బ చూపించాడు. నా దగ్గరున్న చిల్లరతో అబ్బకు తెలియకుండా ఒక పిల్లను కొన్నాను. తువాలులో చుట్టుకుని తిరుగు దారి పట్టాను. నానిన పప్పు నమిలి పెట్టాను. నీళ్ళు పోశాను. నాగలూటి చేరేసరికి అది చచ్చిపోయింది.

అబ్బ కొట్టలేదు. "దాని తల్లి తన గొంతులోనే అరగబెట్టి పెడతాదిరా. మనం యాడ పెట్టగలం?" అన్నాడు. కోనేటి పక్కన గుంట తీసి పూడ్చాం. దాని భుజం మీద అప్పుడే పుట్టుకొస్తున్న ఈక మొలకల్లో ఎరుపు కనబడింది. పెద్దచిలక పిల్ల. అరవై ఏళ్ళవుతున్నా ఆ ఎరుపు నన్ను వదల్లేదు.

చిలక మన మాటలో ఎంతగా అల్లుకుందో ఈ వయసులో లెక్క వేసుకుంటుంటాను. చిలక కొట్టిన జామపండుకే తీపి. పెళ్ళిలో పంచదార చిలకలు. విస్తరి లేచాక తాంబూలపు చిలకలు. పిల్లకు బుద్ధి చెప్పాలంటే చిలక్కి చెప్పినట్టు చెప్పాలి. మన్మథుడికి వాహనం చిలక. మా సీమ వాడే పాలవేకరి కదిరీపతి ఇల్లాలిని ఇల్లు దాటనీయకుండా రాత్రికొక కథ చెప్పే చిలకను పెట్టి శుకసప్తతి రాశాడు. ఇప్పుడు చిలక్కొయ్య అంటే మా మనవలకు అర్థం చెప్పాలి. మంచె అంటే బొమ్మ గీసి చూపాలి. వడిసెల ఏదో మ్యూజియంలో అద్దం వెనక చూశారట.

జొన్నే పోయింది. మా నల్లరేగడిలో ఒకప్పుడు కనుచూపు మేర జొన్న కంకులు ఊగేవి. తొంభైల తర్వాత శనగ వచ్చింది, పత్తి వచ్చింది. పత్తికాయలో చిలకకు ఏముంటుంది? రైతును తప్పు పట్టను. జొన్నకు ధర లేదు, తినేవాళ్ళు తగ్గారు. కానీ చేను మారినప్పుడు మంచె ఒక్కటే పోలేదు. మంచె మీద కూర్చుని ఆకాశం చూసే మనిషీ పోయాడు. చూసేవాడుంటేనే కదా ఫలానా పిట్ట ఈ ఏడు రాలేదని ఎవరైనా అనేది.

అడవి వైపు ఇంకో కథ జరిగింది. శ్రీశైలం ఆనకట్ట పని 1960లో మొదలై 1981లో ముగిసింది. 885 అడుగుల దాకా నీళ్ళు నిలిచేసరికి కృష్ణ ఒడ్డు ఊళ్ళూ గుళ్ళూ మునిగాయి. ఒడ్డునే పెరిగిన ఏరుమద్దులు, నేరేళ్ళు, వందల ఏళ్ళ మాన్లు కూడా మునిగాయి. ఆ ఆనకట్ట మా సీమకు నీళ్ళిచ్చింది. దాన్ని కాదనలేను. సంగమేశ్వరంలో వేపకొయ్య లింగం ఉన్న గుడి నీరు తగ్గినప్పుడల్లా బయటపడుతుంది. జనం పడవల మీద పోయి దండం పెట్టుకుని వస్తారు. ఆ ఒడ్డు మాన్లు మళ్ళీ లేవలేదు. తొర్ర పడేంత మాను కావడానికి నూరేళ్ళు పడుతుంది. కొత్త ఒడ్డున మొలిచిన మాన్లకు ఇంకా అంత వయసు లేదు.

రామచిలక మాత్రం బతకనేర్చింది. చెట్టు తొర్ర లేకపోతే గుడి గోపురం సందులో, కోట గోడ కన్నంలో, తల తెగిన తాటిమోడులో కాపురం పెట్టేస్తుంది. కర్నూలు నడిబొడ్డున కూడా సాయంత్రం వేళ గుంపులు కనబడతాయి. పంజరాల నుంచి తప్పించుకున్నవి లండన్ పార్కుల చలిలో కూడా గుంపులు కట్టి బతుకుతున్నాయి. దాన్ని చూసి చిలకలకేం, బాగానే ఉన్నాయనుకుంటాం. పొరపాటు అక్కడే. పెద్దచిలకకు పెద్ద తొర్ర కావాలి. పెద్ద తొర్రకు ముసలి మాను కావాలి. దాని పిల్లకు సంతలో ధర ఎక్కువ, బాగా మాట్లాడుతుందని. అందుకే ప్రపంచ పక్షుల జాబితాలో రామచిలకకు బెంగ లేదు గాని పెద్దచిలకను అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ వాళ్ళు ముప్పుకు దగ్గరపడిన వాటిలో చేర్చారు.

పెద్దచిలక కూడా కనబడకుండా పోతుందేమోనన్నది ఉత్త భయం కాదు. మా జిల్లాలోనే రోళ్ళపాడు ఉంది. బట్టమేక పిట్ట కోసం 1988లో దాన్ని అభయారణ్యం చేశారు. నా నడివయసులో అక్కడి పచ్చికలో బట్టమేక తల ఎత్తి నడవడం చూశాను. ఇప్పుడు బోర్డు మీద దాని బొమ్మ ఉంది.

చట్టాలు లేక కాదు. 1972 వన్యప్రాణి చట్టంలో చిలక ఉంది. 1990-91లో మన దేశపు పక్షుల వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించారు. 2022 సవరణ తర్వాత పట్టినా, అమ్మినా, ఇంట్లో పంజరంలో ఉంచుకున్నా మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. నల్లమల 1983 నుంచి ప్రాజెక్ట్ టైగర్ కింద ఉంది. పులి కోసం అడవిని కాసేవాళ్ళలో చెంచులూ ఉన్నారు. పులి నీడన చిలకకూ కొంత రక్షణ దొరికింది, నిజమే. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాలపిట్ట స్థానంలో రామచిలకను రాష్ట్ర పక్షిని చేసింది కూడా. తిరణాల గంపలు మాయమయ్యాయి. జోస్యగాడు ఎక్కడో గాని కనబడడు. అవి మాయం కావడం నాకు సంతోషం. పోయిన వాటన్నిటి కోసం బాధపడాలని లేదు. కానీ పట్నాల్లో సందు లోపల సందులో ఇంకా పిల్లల్ని అమ్ముతున్నారు. పట్టుబడిన చిలకల్ని వెంటనే వదలడానికీ లేదు. కత్తిరించిన ఈక మళ్ళీ రావాలంటే పాత ఈక రాల్చే కాలం దాకా ఆగాలి. అప్పటికి అది అడవిని మరిచిపోతుంది.

మొన్నటి మాఘంలో మా అబ్బాయి బండి మీద వెంకటాపురం దాకా తీసుకుపోయాడు. అక్కణ్ణించి ఓపిక ఉన్నంత దూరం నడిచాను. మోదుగలు పూసే ఉన్నాయి. గులాబీ తలలు 'టుయ్' మని పలికాయి. నా కంటి చూపు మందగించింది గాని చెవులు బాగానే ఉన్నాయి. రామచిలకలు లెక్కలేనన్ని. ఆ బొంగురు గొంతు కోసం పొద్దు వాలేదాకా కూర్చున్నాను. ఒక్కసారి, చాలా దూరాన, ఒక్క అరుపు. పెచ్చెరువు దాకా పోలేకపోయాను. నడిచి వచ్చిన కుర్రవాళ్ళను అడిగితే ఆ మద్ది మాను ఉన్న చోట మసి మొద్దు ఉందన్నారు. తొర్ర ఉన్న ఎండుమాను కార్చిచ్చులో పొయ్యి గొట్టంలా మండుతుంది. పచ్చ మాను తట్టుకున్న మంటకు కూడా అది మిగలదు. ఎవరు వేసిన నిప్పో తెలియదు. కాలిబాట పక్కనే కాబట్టి మాలాంటి వాళ్ళదే అయుంటుంది.

శివరాత్రికీ ఉగాదికీ ఆ దారిన నడిచే తల్లుల్లారా, అయ్యల్లారా, అన్నం మూట కట్టుకుని పోండి, అడవిలో పొయ్యి వెయ్యకండి. బీడీ ముక్క నీళ్ళలో ముంచి పారేయండి. చిలక పిల్లను ఎవరైనా అమ్మజూపితే కొనకండి. జాలిపడి కూడా కొనకండి. మీరిచ్చే డబ్బుతోనే వచ్చే ఏటి గొడ్డలి పదునెక్కుతుంది. అటవీ శాఖకు కబురు చెయ్యండి. చేను గట్టున ఎండిన మాను ఉన్న రైతన్నకు ఒక్క మాట. దానికి తొర్ర ఉంటే ఈ మాఘంలో కొట్టకు. ఒక పొద్దున దాని కింద కూర్చుని పైకి చూడు.